నలుగురి ముందు మాట్లాడవలసిన నాయకులు తమ మాటను ఎలా సిద్ధం చేసుకోవాలి

నేను ఒక విభాగం బాధ్యత తీసుకున్న తొలి ఏడాదిలో, రెండు బృందాలను ఒకటిగా కలపాలన్న నిర్ణయాన్ని సుమారు 60 మంది సిబ్బందికి వివరించవలసి వచ్చింది. వారం రోజులు కూర్చుని 32 స్లైడ్లు తయారుచేసుకుని, 40 నిమిషాలపాటు ఎక్కడా తడబడకుండా మాట్లాడాను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. అందరూ వెళ్లిపోతుండగా, చాలాకాలంగా పనిచేస్తున్న ఒక ఉద్యోగిని తలుపు దగ్గర ఆగి, “ఇంతకీ మా షిఫ్టులు మారతాయా, మారవా అండీ?” అని అడిగారు. దానికి జవాబు నా 27వ స్లైడులో, ఒక పట్టికలోని నాలుగో వరుసలో ఉంది. హాల్లో ఉన్నవారంతా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశారని, నేను మాత్రం నాకు ముఖ్యమనిపించినవన్నీ వరుసగా అప్పజెప్పి దిగిపోయానని అప్పుడు అర్థమైంది.

చక్కగా మాట్లాడటం ఒక ఎత్తు, బాధ్యత గల స్థానంలో ఉండి మాట్లాడటం మరొక ఎత్తు. మీ మాట విన్న తరువాత ఎవరో ఒకరు ఒక పని మొదలుపెట్టాలి, లేదా ఒక పని మానేయాలి, లేదా ఒక నిర్ణయం తీసుకోవాలి, లేదా మనసులోని భయం తీరి తమ పనికి తిరిగి వెళ్లాలి. అందువల్ల సాధన గొంతుతోనో చేతులు ఊపడంతోనో కాక, వినేవారితో మొదలుకావాలి. ఇక్కడ చెప్పే క్రమం ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి అడుగు: ఒక వాక్యం రాయండి

స్లైడ్లు తెరవకముందే ఒక కాగితం మీద ఈ వాక్యాన్ని పూర్తి చేయండి: “నా మాటలు విన్న తరువాత ఫలానా వారు ఫలానా పని చేయాలి.” “అవగాహన కలగాలి”, “స్ఫూర్తి పొందాలి” వంటి మాటలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే అవి జరిగాయో లేదో మీరు చూసి చెప్పలేరు. “ప్రాంతీయ మేనేజర్లు శుక్రవారంలోగా తమ బృందాల జాబితా పంపాలి” అన్నది పనికివస్తుంది. “రెండో గోదాముకు బోర్డు ఈ రోజే అనుమతి ఇవ్వాలి” అన్నదీ పనికివస్తుంది. ఎంత ప్రయత్నించినా ఆ వాక్యం రాకపోతే, అందరినీ పిలిచి కూర్చోబెట్టవలసిన అవసరం లేదని అర్థం. ఆ సమాచారాన్ని ఒక ఉత్తరంగా పంపితే సరిపోతుంది. ఈ కాగితాన్ని పారేయకండి, చివరి అడుగులో దీనితో పని ఉంది.

రెండో అడుగు: వారికి ఏం తెలుసో, ఏం తెలియదో కనుక్కోండి

1990లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. కొందరిని అందరికీ తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో కొట్టమని, మరికొందరిని అది ఏ పాటో చెప్పమని అడిగారు. దరువు వేసినవారు కనీసం సగం పాటలనైనా అవతలివారు గుర్తుపడతారని అనుకున్నారు. నిజానికి 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడే. దరువు వేసేవారి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవారికి వట్టి టకటక శబ్దమే అందుతుంది.

నాయకత్వంలో ఉన్నవారి పరిస్థితి సరిగ్గా ఇదే. ఒక నిర్ణయం వెనుక ఉన్న లెక్కలు, వాదోపవాదాలు, వదిలేసిన ప్రత్యామ్నాయాలు నెలల తరబడి మీ తలలో నలిగి ఉంటాయి. సిబ్బంది దాన్ని ఈ రోజు ఉదయం తొలిసారిగా వింటున్నారు. మీకు పాత కబురైనది వారికి పిడుగు కావచ్చు. కాబట్టి సభకు రెండు మూడు రోజుల ముందే వేర్వేరు స్థాయుల్లో పనిచేసే ముగ్గురితో విడివిడిగా పది నిమిషాలు మాట్లాడండి. “దీని గురించి మీరు ఇప్పటిదాకా ఏం విన్నారు? మీ పనిలో దీనివల్ల ఏం మారుతుందని అనుకుంటున్నారు? ఏది ఇబ్బందిగా అనిపిస్తోంది?” అని అడిగి, వారు వాడిన మాటలను వాడినట్టే రాసుకోండి. వారు “షిఫ్టు” అంటే మీరు “కార్యాచరణ సమయ పునర్వ్యవస్థీకరణ” అనవలసిన పనిలేదు. ఆ ముగ్గురితో నేను ముందే మాట్లాడి ఉంటే, 27వ స్లైడు నా తొలి వాక్యం అయ్యేది.

మూడో అడుగు: అసలు మాటను ముందుకు తెండి

మనకు ఉపోద్ఘాతం అలవాటు. నేపథ్యం, చరిత్ర, కారణాలు, లెక్కలు అన్నీ చెప్పాక చివర నిర్ణయం చెప్పడం మర్యాదగా కూడా అనిపిస్తుంది. కానీ ఉద్యోగానికో డబ్బుకో సంబంధించిన మాట కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఉపోద్ఘాతం చెవికెక్కదు. ఈ ఆరంభాన్ని చూడండి:

“గత రెండు త్రైమాసికాలుగా మార్కెట్ పరిస్థితులను, మన అంతర్గత పనితీరును సమగ్రంగా సమీక్షించిన మీదట, కస్టమర్లకు మరింత మెరుగైన సేవలు అందించాలన్న లక్ష్యంతో, కొన్ని నిర్మాణాత్మకమైన మార్పులు చేపట్టాలని యాజమాన్యం భావించింది.”

ఇందులో అబద్ధం లేదు, కానీ విన్నవారి చేతికి అందేది కూడా ఏమీ లేదు. అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు:

“వచ్చే నెల 1వ తేదీ నుంచి మన రెండు సర్వీసు బృందాలు ఒకటవుతాయి. ఎవరి ఉద్యోగమూ పోదు. రాత్రి షిఫ్టులో మాత్రం ఇద్దరికి బదులు నలుగురు ఉంటారు. ఎందుకు అలా చేస్తున్నామో ఇప్పుడు చెబుతాను.”

రెండోది విన్నవారు కారణాలను శ్రద్ధగా వింటారు, ఎందుకంటే తమ సంగతి ఏమిటన్న ఆందోళన అప్పటికే తీరింది.

అసలు మాట అడుగున పడిపోతే ఎంత ప్రమాదమో చెప్పడానికి 2003 నాటి అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా ఉదంతం కన్నా బరువైన ఉదాహరణ నాకు తెలియదు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు పైపూత నుంచి ఊడిన ఒక నురగ (ఫోమ్) ముక్క నౌక ఎడమ రెక్కను తాకింది. ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో అంచనా వేసి ఇంజనీర్లు తయారుచేసిన ఒక స్లైడులో శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. తాకిన ముక్క, అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్కకన్నా 600 రెట్లకు పైగా పెద్దదన్న వాస్తవం మాత్రం ఆ స్లైడు అట్టడుగు వరుసల్లో ఉండిపోయింది. నౌక తిరిగివస్తూ ఫిబ్రవరి 1న ముక్కలైంది, ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ స్లైడే ప్రమాదానికి కారణమని అనడం న్యాయం కాదు. అయినా, దర్యాప్తు మండలి తన నివేదికలో సాంకేతిక పత్రాల స్థానంలో ఇటువంటి స్లైడ్లను వాడే అలవాటును ప్రత్యేకంగా తప్పుపట్టింది.

నాలుగో అడుగు: మిగతాది కుదించండి

అసలు మాట ముందు పెట్టాక, దానికి ఆసరాగా రెండు మూడు కారణాలు చాలు. ప్రతి కారణానికీ ఒక అంకె లేదా ఒక సంఘటన జత చేయండి. “ఫిర్యాదుల పరిష్కారంలో జాప్యం గణనీయంగా ఉంది” అనే బదులు, “రాత్రి 11 తరువాత ఫోన్ చేసినవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరు విసిగి పెట్టేస్తున్నారు” అంటే విన్నవారి కళ్ల ముందు ఒక మనిషి కనిపిస్తాడు. నిశితంగా చదివి తేల్చవలసిన లెక్కలుంటే వాటిని స్లైడ్లలో కుక్కకుండా కాగితం మీద ఇవ్వండి. అమెజాన్‌లో 2004 నుంచి పైస్థాయి సమావేశాల్లో స్లైడ్లను పక్కనపెట్టి, ఆరు పేజీల వరకు ఉండే వ్యాసరూప పత్రాన్ని అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు. ప్రతి సంస్థకూ అది నప్పకపోవచ్చు, కానీ చదవవలసినదాన్ని చదివించాలి, వినవలసినదాన్నే వినిపించాలి అన్న విభజన ఎక్కడైనా పనిచేస్తుంది.

ఐదో అడుగు: గొంతెత్తి సాధన చేయండి

అందరూ ఎగ్గొట్టేది ఈ అడుగునే. కళ్లతో నోట్సు చదువుకుని, మనసులో ఒకసారి అనుకుని, సాధన అయిపోయిందనుకుంటారు. నిలబడి, పైకి వినిపించేలా, గడియారం పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చెబితేనే అది సాధన. మీకు 20 నిమిషాలు ఇస్తే 16 నిమిషాలకు సరిపడా సిద్ధం చేసుకోండి. అసలు రోజున ఆలస్యంగా మొదలవడం, మధ్యలో ఎవరో ప్రశ్న అడగడం మామూలే.

రెండోసారి చెప్పేటప్పుడు ఫోనులో రికార్డు చేసి, ఆ రికార్డును మూడుసార్లు వినండి. మొదటిసారి, ఈ విషయం ఏమీ తెలియనివారికి ఇది అర్థమవుతుందా అని మాత్రమే వినండి. రెండోసారి ఊతపదాలు లెక్కపెట్టండి: “అంటే”, “సో”, “యాక్చువల్‌గా”, “ఏంటంటే”, “అన్నమాట”. వాటిని బలవంతంగా ఆపాలని చూస్తే మాట మరింత తడబడుతుంది. ఆ పదం రాబోతున్నచోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకుంటే, కొన్ని వారాల్లో ఆ ఖాళీయే ఊతపదం స్థానంలోకి వస్తుంది. చెప్పేవారికి ఆ ఖాళీ యుగంలా అనిపిస్తుంది, వినేవారికి మాత్రం ఆలోచించి మాట్లాడుతున్నట్టు తోస్తుంది.

మూడోసారి వాక్యాల చివరలను వినండి. తెలుగులో మాట్లాడేవారికి ఇది మరీ ముఖ్యం. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, అవునో కాదో తేలేది కూడా అక్కడే. “ఈ ఏడాది కొత్త కేంద్రాన్ని తెరవాలనుకుంటున్నాం”, “ఈ ఏడాది కొత్త కేంద్రాన్ని తెరవాలనుకోవడం లేదు” అన్న రెండు వాక్యాలూ చివరి మాట వరకు ఒకటే. చాలామందికి ఊపిరి సరిగ్గా అక్కడికొచ్చేసరికి అయిపోయి, గొంతు పడిపోయి, చివరి మాటను మింగేస్తారు. వెనుక వరుసలో కూర్చున్నవారికి నిర్ణయం మొత్తం వినిపించి, దాని ఔనుకాదులు వినిపించవు. అందుకని వాక్యం మొదలుపెట్టేముందు ఊపిరి తీసుకోండి, క్రియను కూడా మొదటి పదమంత స్పష్టంగా పలకండి. రాతలో అందంగా ఉండే “చేసి, చూసి, పరిశీలించి, చర్చించి” అనే గొలుసు వాక్యాలను మాటలో విడగొట్టండి, ఎందుకంటే వినేవారు అసలు క్రియ వచ్చేదాకా అన్నింటినీ గుర్తుపెట్టుకుని మోయవలసివస్తుంది.

మొత్తం బట్టీ పట్టవద్దు. 1904 ఏప్రిల్‌లో బ్రిటన్ కామన్స్ సభలో యువకుడైన విన్‌స్టన్ చర్చిల్ కంఠస్థం చేసుకున్న ప్రసంగం మధ్యలో దారం తెగి, తరువాతి మాట ఎంతకీ గుర్తురాక, సభకు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. ఆపైన ఆయన వివరమైన నోట్సు చేతిలో లేకుండా పెద్ద ప్రసంగాలకు నిలబడలేదు. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా నేర్చుకోండి. మధ్యలోని విషయాలకు ఒక చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో ఐదారు మాటలు రాసుకుంటే చాలు.

ఆరో అడుగు: భయాన్ని పనికి వాడుకోండి

నోరు తడారిపోవడం, గుండె దడదడలాడటం, చేతులు చల్లబడటం అసమర్థతకు గుర్తులు కావు. ముఖ్యమైన పని ముందున్నప్పుడు శరీరం ఎడ్రినలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేసి సిద్ధమయ్యే తీరే అది. హార్వర్డ్‌కు చెందిన ఎలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, మాట్లాడబోయేముందు “నేను ప్రశాంతంగా ఉన్నాను” అని చెప్పుకున్నవారికన్నా “నాకు ఉత్సాహంగా ఉంది” అని పైకి చెప్పుకున్నవారు మెరుగ్గా మాట్లాడినట్టు తేలింది. కొట్టుకుంటున్న గుండెను నిమ్మళించమని ఆజ్ఞాపించడం కష్టం, ఆ వేగాన్నే ఉత్సాహమనుకోవడం తేలిక. మీ కంగారు మీకు తెలిసినంతగా ఎదుటివారికి కనబడదన్నది కూడా పరిశోధనల్లో తేలిన విషయమే. దీన్ని ముందుగా తెలుసుకున్నవారు మరింత నిబ్బరంగా మాట్లాడగలిగారు.

వీటితోపాటు మరొక చిన్న పని చేయండి. అరగంట ముందే హాలుకు వెళ్లి, మీరు నిలబడబోయే చోట నిలబడి, మైకులో రెండు మాటలు పలికి, చివరి వరుసదాకా నడిచి చూడండి. ముందుగా వచ్చిన నలుగురైదుగురితో పిచ్చాపాటీ మాట్లాడండి. అప్పుడు మీరు వేదిక ఎక్కేసరికి ఎదుట కొత్త జనం కాక, ఇప్పుడే పలకరించిన ముఖాలు కనిపిస్తాయి.

ఏడో అడుగు: మాట్లాడుతున్నప్పుడు

ఇక్కడ ఎక్కువ నియమాలు పెట్టుకోకండి. మాటల బలం 7 శాతమే, మిగతాదంతా గొంతు, హావభావాలే అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు, దాన్ని నమ్మవద్దు. ఆ అంకెలు 1960లలో ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలవి. ఇష్టాయిష్టాలను తెలిపే విడి మాటల విషయంలో, మాటకూ గొంతుకూ ముఖానికీ పొంతన లేనప్పుడు మనిషి దేన్ని నమ్ముతాడన్నదే అక్కడి ప్రశ్న. అన్ని ప్రసంగాలకూ దాన్ని అంటగట్టడం తప్పని ఆయనే స్పష్టం చేశారు. మీరు చెప్పేదానిలో సరుకు ఉండాలి, ముఖం దానికి ఎదురు చెప్పకుండా ఉండాలి, అంతే. ఒక వాక్యం పూర్తయ్యేదాకా ఒకరి వైపే చూసి, తరువాతి వాక్యాన్ని మరొకరి వైపు చూస్తూ చెప్పండి. ముఖ్యమైన మాట తరువాత రెండు సెకన్లు ఆగండి. వీడియో కాల్‌లో అయితే తెరమీది ముఖాలను కాక కెమెరాను చూడండి, మామూలుకన్నా పొట్టి వాక్యాలు వాడండి.

ఎనిమిదో అడుగు: ప్రశ్నలకు నిలబడండి

సిబ్బంది మీపై పెట్టుకునే నమ్మకం ప్రసంగంలోకన్నా ఎక్కువగా ఈ పది నిమిషాల్లోనే పెరుగుతుంది లేదా పోతుంది. ముందురోజు రాత్రి, ఎవరూ అడగకూడదని మీరు కోరుకునే పది ప్రశ్నలు రాసి, ప్రతిదానికీ జవాబులోని మొదటి వాక్యం మాత్రం రాసుకోండి. ఎవరైనా “ఈ ఏడాది జీతాలు పెరుగుతాయా?” అని అడిగారనుకుందాం. “సిబ్బంది సంక్షేమం ఎప్పుడూ మా తొలి ప్రాధాన్యం, అన్ని కోణాల్లోనూ పరిశీలిస్తున్నాం” అంటే, మీరు నీళ్లు నములుతున్నారని హాల్లో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. “ఇంకా నిర్ణయం కాలేదు. బోర్డు 20వ తేదీన కూర్చుంటుంది. పెరిగినా పెరగకపోయినా 22వ తేదీ సాయంత్రంలోగా నేనే వచ్చి మీకు చెబుతాను” అంటే, చేతికి ఏమీ రాకపోయినా ఒక తేదీ వచ్చింది. ఆ తేదీని తప్పవద్దు. కొత్త కబురు లేకపోతే, లేదని చెప్పడానికైనా వెళ్లండి. తెలియనిదాన్ని తెలియదని, చెప్పకూడనిదాన్ని చెప్పకూడదని అనండి. ఈ రెండూ వేర్వేరు, వాటిని కలిపి దాటవేస్తే మొదటిది కూడా నమ్మరు.

చెడు వార్త అయితే వరుస ఇంకా కఠినంగా ఉండాలి. ఏం జరిగింది, ఎవరికి దెబ్బ తగులుతుంది, ఎప్పటి నుంచి, ఎందుకు, మేము ఏం చేస్తున్నాం అన్న క్రమంలో, దెబ్బ తగిలేవారికి అందరికన్నా ముందుగా, వారి పైఅధికారే స్వయంగా చెప్పాలి. 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో విషం కలిపిన టైలెనాల్ అనే నొప్పి మాత్రలు మింగి ఏడుగురు మరణించినప్పుడు, వాటిని తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ ఆ మాత్రలు వాడవద్దని ప్రజలను తానే హెచ్చరించి, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. సంస్థ అధిపతి జేమ్స్ బర్క్ టెలివిజన్‌లో కనిపించి జవాబులిచ్చారు. ఆ మాటల వెనుక చేత కూడా ఉన్నందువల్లే జనం ఆ మందును మళ్లీ కొన్నారని నా అభిప్రాయం.

తొమ్మిదో అడుగు: మాట్లాడే అవకాశాలను వెతుక్కోండి

ఏడాదికి రెండు పెద్ద సభల్లో మాట్లాడి మెరుగుపడటం కుదరదు. యువకుడిగా ఉన్నప్పుడు నలుగురిలో మాట్లాడాలంటే వణికిపోయిన అమెరికా మదుపరి వారెన్ బఫెట్, 1950ల ఆరంభంలో ప్రసంగకళ నేర్పే డేల్ కార్నెగీ కోర్సులో చేరి, అది పూర్తికాగానే నేర్చుకున్నది మరిచిపోకుండా ఒమహా విశ్వవిద్యాలయంలో సాయంకాలం తరగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఆ కోర్సు పత్రాన్ని ఆయన తన ఆఫీసు గోడకు తగిలించుకున్నారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ స్థాపించిన, సభల్లో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి కూడా ఇదే: సిద్ధమై వచ్చి చేసే ప్రసంగం, అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాల మాట, తోటివారి విమర్శ, ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒక మనిషి. క్లబ్బులో చేరే వీలు లేకపోతే వారపు సమావేశంలో మూడు నిమిషాలు మీరే నిలబడి చెప్పండి. ఆ మూడు నిమిషాలకు కూడా మొదటి అడుగులోని వాక్యం రాసుకోండి. చర్చల్లో మాత్రం మీ అభిప్రాయాన్ని చివర చెప్పండి, ఎందుకంటే పైవారు ముందుగా మాట్లాడితే మిగతావారు దాన్నే తిరగేసి చెబుతారు.

చివరి అడుగు: ఏం వినిపించిందో అడగండి

సభ అయిన మరునాడు, అక్కడ ఉన్న ఇద్దరిని పిలవండి. “నా ప్రసంగం ఎలా ఉంది?” అని అడగకండి, బాగుందనే అంటారు. “నిన్న నేను చెప్పిన విషయం ఏమిటి? దానివల్ల ఈ వారం మీరు చేయవలసిన పని ఏమిటి?” అని అడిగి, వారు చెప్పింది మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా విని రాసుకోండి. తరువాత మొదటి అడుగులో రాసుకున్న కాగితం తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే, ఆ రోజే అందరికీ నాలుగు వాక్యాల ఉత్తరం పంపి అసలు మాటను మళ్లీ చెప్పండి. తరువాతి ప్రసంగాన్ని ఆ తేడా దగ్గరి నుంచి మొదలుపెట్టి సిద్ధం చేసుకోండి.